ఒకే ఫాంటు మూడు రూపాల్లో: లోపలి పేర్లు మార్చి పక్కపక్కన ఇన్‌స్టాల్ చేసుకోవడం

ఫాంటులో ఏదో చిన్న మార్పు చేసి, ఫైలు పేరు చివర "కొత్తది" అని తగిలించి, ఇన్‌స్టాల్ నొక్కితే విండోస్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ ఫాంటు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా? అవునంటే పాతది పోతుంది, కాదంటే కొత్తది రాదు. ఫైలు పేరు ఎన్నిసార్లు మార్చినా ఈ ప్రశ్న తప్పదు, ఎందుకంటే విండోస్ ఆ పేరు చూడటం లేదు. వెర్షన్ నంబరు పెంచినా అంతే. 1.00, 1.01 అని రెండు వెర్షన్లు ఉన్నంత మాత్రాన రెండూ వేర్వేరు ఫాంట్లని ఏ ఆపరేటింగ్ సిస్టమూ అనుకోదు. అది చూసేది ఫైలు లోపల ఫాంటు పేర్లన్నీ రాసి ఉండే నేమ్ టేబుల్‌ని.

తెలుగులో ఈ పని ఎక్కువగా పడేది వరుసల ఎడం దగ్గర. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు. "రాష్ట్రం" అన్నప్పుడు ష కింద ట వత్తు, దానితోపాటు ర వత్తు. వీటన్నిటికీ చోటు ఇవ్వాలని ఫాంటు చేసేవాళ్లు ఎత్తు లెక్కలు ధారాళంగా పెడతారు. దాంతో ఇంగ్లిష్, తెలుగు కలిపి రాసిన పేజీలో వరుసలు బాగా దూరమవుతాయి. పుస్తకానికి ఎడం తగ్గించిన రూపం ఒకటి, స్క్రీన్‌కు కాస్త వదులుగా ఉన్నది ఒకటి, పోల్చుకోవడానికి అసలుది ఒకటి, మూడూ ఒకేసారి మెషీన్‌లో ఉండాలి. ఇక్కడ ఉదాహరణకు నోటో సాన్స్ తెలుగును తీసుకుంటున్నాను. మార్చిన రూపాలకు "పొత్తం 130", "పొత్తం 145" అని పేర్లు పెడదాం. అంకె వరుసల ఎడం అక్షరం సైజులో ఎంత శాతమో చెబుతుంది, మెనూలో చూడగానే ఏది ఏదో తెలిసిపోతుంది. ఫాంటు లోపల ఈ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, ఎందుకో కింద వస్తుంది.

ముందు లైసెన్సు సంగతి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ మైక్రోసాఫ్ట్‌వి, వాటిని మార్చే హక్కు మనకు లేదు. డబ్బిచ్చి కొన్న డీటీపీ ఫాంట్లయినా, మార్పులకు అనుమతి ఉందని లైసెన్సులో స్పష్టంగా రాసి ఉంటే తప్ప ముట్టుకోవద్దు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే తెలుగు ఫాంట్లు (మండలి, రామభద్ర, సురన్న, గిడుగు వగైరా) ఎస్‌ఐఎల్ వాళ్ల ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. మార్చవచ్చు, పంచవచ్చు. విడిగా ఫాంటునే అమ్మకూడదు, మార్చిన ఫాంటును కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. లైసెన్సు ఫైలు మొదటి వరుసల్లో "రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్" అని ఏదైనా పేరు రాసి ఉంటే, మార్చిన ఫాంటు పేరులో ఆ మాట రాకూడదు. అసలు పేరు చివర "టైట్" అనో "న్యూ" అనో తగిలిస్తే సరిపోతుందనుకోవద్దు, ఆ మాట అక్కడే ఉంటుంది కదా. నోటో తాజా ఫైళ్లలో అలా రిజర్వ్ చేసిన పేరు లేదు గానీ, నోటో గూగుల్ ట్రేడ్‌మార్క్ అని నేమ్ టేబుల్‌లోనే ఉంటుంది. అందుకే పూర్తిగా వేరే పేరు పెట్టడం నయం.

ఇక అసలు విషయం. నేమ్ టేబుల్‌లో ఒక్కో పేరుకు ఒక నంబరు ఉంటుంది. మనకు కావలసినవి ఇవి:

1: ఫ్యామిలీ పేరు. వర్డ్ మెనూలో కనబడేది ఇదే.
2: స్టైలు. రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్, ఈ నాలుగే ఉండాలి.
3: యూనిక్ ఐడీ. సాధారణంగా వెర్షన్, తయారీదారు కోడు, పోస్ట్‌స్క్రిప్ట్ పేరు సెమీకోలన్‌లతో కలిపి ఉంటాయి.
4: పూర్తి పేరు.
6: పోస్ట్‌స్క్రిప్ట్ పేరు. ఖాళీలు లేని, పీడీఎఫ్‌లోకి వెళ్లే లోపలి పేరు.
16, 17: నాలుగు స్టైళ్ల కంటే ఎక్కువ ఉన్న కుటుంబాలకు అసలు ఫ్యామిలీ పేరు, అసలు స్టైలు పేరు.

ఒక్కో సాఫ్ట్‌వేరు వీటిలో ఒక్కోదాన్ని చదువుతుంది, చిక్కంతా అక్కడే. వర్డ్ 1ని పట్టుకుంటుంది. ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్ 16, 17 ఉంటే వాటితో గుంపులు కడతాయి. మ్యాక్‌లో రెండు ఫాంట్లకు పోస్ట్‌స్క్రిప్ట్ పేరు ఒకటే అయితే ఫాంట్ బుక్ డూప్లికేట్ అంటుంది. పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయ్యేది కూడా పోస్ట్‌స్క్రిప్ట్ పేరే, దాని ముందు ఆరు పెద్దబడి అక్షరాలు, ఒక ప్లస్ గుర్తు తగులుకుంటాయి. కాబట్టి 1 మార్చి 6 మార్చకపోతే వర్డ్‌లో రెండూ చక్కగా కనిపిస్తాయి, ఇన్‌డిజైన్‌లో ఒకటే కనిపిస్తుంది. 1, 4, 6 మార్చి 16 మరిచిపోతే వర్డ్‌లో "పొత్తం 130" వేరుగా వస్తుంది, అడోబీ మెనూలో అది ఇంకా నోటో కిందే దాక్కుంటుంది. "మా మెషీన్‌లో పనిచేసింది, ప్రెస్‌లో పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇలాంటి సగం మార్పే.

నోటో సాన్స్ తెలుగు బ్లాక్ స్టైలుకు లెక్క ఇలా ఉంటుంది. 16లో "నోటో సాన్స్ తెలుగు", 17లో "బ్లాక్". కానీ 1లో "నోటో సాన్స్ తెలుగు బ్లాక్", 2లో "రెగ్యులర్". బ్లాక్ ఫాంటుకు రెగ్యులర్ అని ఉందేమిటని దాన్ని దిద్దడానికి పోకండి, అది ఉండాల్సిన తీరే అది. పాత పద్ధతి సాఫ్ట్‌వేర్లకు నాలుగు స్టైళ్లే తెలుసు కాబట్టి, మిగతా ప్రతి బరువునూ (అక్షరాల లావునూ) విడి ఫ్యామిలీగా చూపిస్తారు. మీ రూపంలో 16లో "పొత్తం 130", 17లో "బ్లాక్", 1లో "పొత్తం 130 బ్లాక్", 2లో "రెగ్యులర్", 4లో "పొత్తం 130 బ్లాక్", 6లో ఖాళీలు లేకుండా పొత్తం130, హైఫన్, బ్లాక్. రెగ్యులర్, బోల్డ్ ఫైళ్లలో మాత్రం ఫ్యామిలీ, స్టైలు పేర్లకు 1, 2 సరిపోతాయి. 16, 17 మొదటి నుంచీ లేకపోతే కొత్తగా చేర్చనక్కర్లేదు.

పేరు పొడవుకు హద్దులున్నాయి. విండోస్ పాత ఇంటర్‌ఫేస్‌లో ఫ్యామిలీ పేరుకు 32 స్థానాలు, చివరిది ముగింపు గుర్తుకు పోతుంది కాబట్టి చేతికొచ్చేది 31. "నోటో సాన్స్ తెలుగు ఎక్స్‌ట్రాబోల్డ్" ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలతో కలిపి 26. దానికి "టైట్" అనే అయిదక్షరాల మాట, ముందు ఒక ఖాళీ చేరిస్తే 32. హద్దు దాటింది. కొన్ని ప్రోగ్రాముల్లో బానే ఉంటుంది, కొన్నింటిలో ఫాంటు మెనూలోకే రాదు, కారణం చెప్పే దిక్కు ఉండదు. తోక తగిలించడం కంటే పొట్టి కొత్త పేరు మేలనడానికి ఇది రెండో కారణం.

పోస్ట్‌స్క్రిప్ట్ పేరుకు హద్దు 63 అక్షరాలు. మామూలు ఆస్కీ అక్షరాలే వాడాలి. ఖాళీ ఉండకూడదు. మూడు రకాల బ్రాకెట్లు, చిన్నది పెద్దది గుర్తులు, ముందుకు వాలిన గీత, శాతం గుర్తు నిషిద్ధం. తెలుగు అక్షరాలు ఇక్కడ కుదరవు. 1, 4 లాంటి వాటిలో తెలుగు పేరు పెట్టుకోవచ్చు, కాకపోతే దానికి తెలుగు భాషా కోడుతో (దశాంశంలో 1098) విడి రికార్డు ఉండాలి. ఇంగ్లిష్ రికార్డు (1033) ఎప్పుడూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. ఇందులో ఇంకో ఉచ్చు ఉంది. అసలు ఫాంటులోనే తెలుగు పేరు రికార్డు ఉండి, మీరు ఇంగ్లిష్‌ది ఒక్కటే మారిస్తే, తెలుగు విండోస్ వాడేవాళ్లకు పాత పేరే కనిపించవచ్చు. అలాగే ప్లాట్‌ఫామ్ 1 అని మ్యాకింటోష్ కోసం పాత ఫాంట్లలో ఇంకో వరుస పేర్లుంటాయి. వాటిని కూడా మార్చాలి, లేదా పూర్తిగా తీసేయాలి. ఒక వరుసలో కొత్త పేరు, ఇంకో వరుసలో పాత పేరు వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పని.

పనిముట్టు ఏది? అక్షరాల ఆకారాలు కూడా మారుస్తుంటే ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ ఎడిటర్ ఎలాగూ తెరిచే ఉంటారు. ఎలిమెంట్ మెనూలో ఫాంట్ ఇన్ఫో తెరవండి. మొదటి పేజీ పీఎస్ నేమ్స్‌లో ఫాంట్‌నేమ్ అంటే నంబరు 6, ఫ్యామిలీ నేమ్ అంటే 1, నేమ్ ఫర్ హ్యూమన్స్ అంటే 4. ఈ మూడూ మార్చాక టీటీఎఫ్ నేమ్స్ పేజీకి వెళ్లండి. బూడిద రంగులో ఉన్నవి పీఎస్ నేమ్స్ నుంచి వాటంతటవే వస్తాయి. ప్రిఫర్డ్ ఫ్యామిలీ, ప్రిఫర్డ్ స్టైల్స్ అని ఉన్నవే 16, 17. అసలు ఫాంటులో అవి ఉంటే వాటంతటవి మారవు, చేత్తో మార్చాలి. యూనిక్ ఐడీ కూడా అక్కడే చూసుకోండి. తర్వాత ఫైల్ మెనూలో జనరేట్ ఫాంట్స్.

కానీ పేర్లు, ఎత్తులు మాత్రమే మార్చేటప్పుడు ఫాంట్‌ఫోర్జ్ వద్దనే చెబుతాను. అది ఫాంటు మొత్తాన్ని విప్పి, తన పద్ధతిలో మళ్లీ కడుతుంది. తెలుగు ఫాంటులో ప్రాణం జీసబ్, జీపాస్ టేబుళ్లలో ఉంటుంది. వత్తులు ఎక్కడ ఏ రూపంలో రావాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అన్నదంతా అవే చూస్తాయి. వాటిని అవసరం లేకుండా మళ్లీ రాయించడమెందుకు? వేరియబుల్ ఫాంటయితే (అన్ని బరువులూ ఒకే ఫైలులో ఉండేది) ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి మళ్లీ జనరేట్ చేస్తే బరువుల అక్షాలు మిగులుతాయన్న ఆశ పెట్టుకోవద్దు.

దీనికి తగినది ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ లైబ్రరీతో వచ్చే టీటీఎక్స్. పైథాన్ ఉంటే దాని ఇన్‌స్టాలర్ పిప్‌తో ఒక్క ఆజ్ఞలో వచ్చేస్తుంది. ఫాంటులోని టేబుళ్లను మనం చదవగలిగే ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి ఇస్తుంది. ఆజ్ఞలో హైఫన్, చిన్నబడి టి, పక్కన టేబుల్ పేరు రాస్తే ఆ ఒక్క టేబులే బయటికొస్తుంది. మనకు నేమ్, ఎత్తు లెక్కలుండే ఓఎస్/2, హెచ్‌హెచ్‌ఈఏ టేబుళ్లు కావాలి కాబట్టి ఆ ఆప్షన్ మూడుసార్లు రాసి, చివర ఫాంటు ఫైలు పేరు ఇవ్వాలి. వచ్చిన ఫైలును ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా దిద్దుకోవచ్చు. దిద్దాక హైఫన్ చిన్నబడి ఎం తర్వాత అసలు ఫాంటు, హైఫన్ చిన్నబడి ఓ తర్వాత కొత్త ఫైలు పేరు, చివర ఎక్స్‌ఎంఎల్ ఫైలు పేరు. అసలు ఫాంటులోంచి మిగతా టేబుళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి, మీరు దిద్దిన మూడే మారతాయి. ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే చెక్‌సమ్ అంకెలను అదే సరిచేస్తుంది. కొత్త ఫైలు పేరు ఇవ్వకపోతే, ఆ పేరుతో ముందే ఫైలు ఉంటే, చివర హ్యాష్ గుర్తు, 1 చేర్చి విడిగా దాస్తుంది. మార్పు రాలేదని జుట్టు పీక్కునే ముందు ఇన్‌స్టాల్ చేసింది ఏ ఫైలో ఒకసారి చూసుకోండి.

ఎక్స్‌ఎంఎల్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి "నోటో సాన్స్ తెలుగు" ఉన్నచోటల్లా "పొత్తం 130" చేయాలని చేతులు లాగుతాయి. వద్దు. 0లో కాపీరైటు, 7లో ట్రేడ్‌మార్కు, 13, 14లలో లైసెన్సు, 9లో రూపకర్త పేరు ఉంటాయి. అవి అలాగే ఉండాలి. కాపీరైటు వరుసలో మీది చేర్చవచ్చు, వాళ్లది తీయకూడదు. రీప్లేస్ చేస్తే ఒక్కొక్కటీ చూసి చేయండి. పైగా 6లో పేరు ఖాళీలు లేకుండా ఉంటుంది కాబట్టి గుడ్డిగా చేసే రీప్లేస్‌కు అది చిక్కదు కూడా.

వేరియబుల్ ఫాంటులో 256, ఆపైన నంబర్లతో ఇంకొన్ని పేర్లుంటాయి. అవి అక్షాలకు, వాటి మధ్య పేరు పెట్టిన స్టైళ్లకు చెందినవి, తీసేస్తే మెనూలో ఖాళీలు వస్తాయి. వాటిలో పాత పోస్ట్‌స్క్రిప్ట్ పేర్లు ఉంటే మాత్రం మార్చాలి. 25 ఉంటే అదీ మార్చాలి, స్టైళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ పేర్లకు ముందుభాగం అక్కణ్నుంచే వస్తుంది. ఈ గొడవ వద్దనుకుంటే ఒక్కో బరువుకు ఒక్కో ఫైలుగా ఉండే స్టాటిక్ ఫాంట్లతో పని చేయండి.

ఫైలు ఓటీఎఫ్ అయి లోపల అక్షరాల ఆకారాలుండే సీఎఫ్‌ఎఫ్ టేబుల్ ఉంటే అక్కడా ఒక పేరుంటుంది. అది నంబరు 6తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. టీటీఎక్స్‌తో సీఎఫ్‌ఎఫ్ టేబుల్ కూడా బయటికి తీస్తే పై వరుసల్లోనే పూర్తి పేరు, ఫ్యామిలీ పేరు కూడా కనిపిస్తాయి. గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకునే తెలుగు ఫాంట్లు ఎక్కువగా టీటీఎఫ్‌లే కాబట్టి ఈ అవసరం అరుదు. డీసిగ్ అనే డిజిటల్ సంతకం టేబుల్ కనిపిస్తే తీసేయండి. ఒక్క బైటు మారినా ఆ సంతకం చెల్లదు.

ఎత్తు లెక్కలు మూడుచోట్ల ఉంటాయి: హెచ్‌హెచ్‌ఈఏలో అసెంట్ (గీత పైన ఎత్తు), డిసెంట్ (గీత కింద లోతు), ఓఎస్/2లో టైపో అసెండర్, డిసెండర్, మళ్లీ అక్కడే విన్ అసెంట్, విన్ డిసెంట్. మ్యాక్ మొదటి జతను చూస్తుంది. విండోస్‌లో వర్డ్ మామూలుగా విన్ జతను చూస్తుంది, ఓఎస్/2లోని ఎఫ్‌ఎస్ సెలెక్షన్ అనే అంకెలో 7వ బిట్ పెట్టి (1 చేసి) ఉంటే టైపో జతను చూస్తుంది. విన్ డిసెంట్‌కు ఇంకో పని ఉంది. పాత విండోస్ ప్రోగ్రాముల్లో దాని కిందికి జారిన అక్షర భాగం కత్తిరించినట్టు పోతుంది. ఎడం తగ్గిద్దామని ఆ అంకె మీద చెయ్యి వేస్తే "స్త్రీ"లో కింది వత్తు సగమే కనబడుతుంది. అందుకని విన్ జతను ముట్టుకోకుండా, 7వ బిట్ పెట్టి, టైపో జతనూ హెచ్‌హెచ్‌ఈఏ జతనూ ఒకేలా తగ్గించడం సురక్షితం. ఎమ్ (అక్షరం సైజుకు ఫాంటు లోపలి కొలత) 1000 యూనిట్లయితే 130 శాతం అంటే అసెంట్, డిసెంట్ కలిపి 1300, లైన్ గ్యాప్ సున్నా. డిసెంట్ ఈ రెండు జతల్లోనూ రుణ సంఖ్య, విన్‌లో మాత్రం ధన సంఖ్య. గుర్తు తప్పితే వరుసలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. బోల్డ్‌లోనూ సరిగ్గా అవే అంకెలు ఉండాలి, లేకపోతే ఒక బోల్డ్ మాట వచ్చిన వరుస మాత్రం ఎగిరిపడుతుంది.

బోల్డ్ గురించి ఇంకో మాట. రెగ్యులర్‌కు ఒక్కదానికే పేరు మార్చి బోల్డ్‌ను వదిలేస్తే, వర్డ్‌లో బి నొక్కగానే అది రెగ్యులర్‌నే లావు చేసి దొంగ బోల్డ్ చూపిస్తుంది. తెలుగులో ఇది వెంటనే పట్టుబడుతుంది, తలకట్లు, సున్నాలు పూడుకుపోతాయి. రెండు ఫైళ్లలోనూ నంబరు 1 ఒకటే ఉండాలి, 2లో ఒకదానికి రెగ్యులర్, రెండోదానికి బోల్డ్. ఎఫ్‌ఎస్ సెలెక్షన్‌లో రెగ్యులర్‌కు 6వ బిట్, బోల్డ్‌కు 5వ బిట్. హెడ్ టేబుల్‌లోని మ్యాక్ స్టైల్‌లో బోల్డ్‌కు 0వ బిట్. పేర్లు మార్చేటప్పుడు ఇవి ఎలాగూ కదలవు గానీ, రెగ్యులర్ ఫైలును కాపీ చేసి దాన్నే బోల్డ్‌గా తయారుచేసినవాళ్లు తప్పక చూసుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసే ముందు తనిఖీ చేయండి. విండోస్‌లో ఫైలు మీద రెండుసార్లు నొక్కితే ప్రివ్యూ పైన పేరు కనిపిస్తుంది. మ్యాక్‌లో ఫాంట్ బుక్ సమాచారం పేన్‌లో పోస్ట్‌స్క్రిప్ట్ పేరు, పూర్తి పేరు, ఫ్యామిలీ, యూనిక్ పేరు అన్నీ ఒకేచోట ఉంటాయి. లినక్స్‌లో ఎఫ్‌సీ స్కాన్ ఆజ్ఞ. అక్కడ ఫాంట్లను హోమ్‌లోని లోకల్ షేర్ ఫాంట్స్ ఫోల్డరులో వేసి ఎఫ్‌సీ క్యాష్ నడిపితే చాలు. విండోస్‌లో వర్డ్‌ను మూసి ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి మామూలు ఇన్‌స్టాల్ ఆ ఒక్క యూజర్‌కే వేస్తుంది. కొన్ని ప్రోగ్రాములకు అది కనబడకపోతే, కుడి బటన్ నొక్కి అందరు యూజర్లకు ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ వాడండి. పాత ప్రయోగాలు తీసేసినా పాత రూపమే కనిపిస్తుంటే అది ఫాంట్ క్యాష్ పని. సర్వీసుల్లో విండోస్ ఫాంట్ క్యాష్ సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టండి, లేదా కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

పోల్చి చూడటానికి రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, శ్రీకృష్ణ, కై, ట్రై లాంటివి మూడు వరుసల్లో పెట్టి ఒక్కో వరుసకు ఒక్కో ఫాంటు ఇవ్వండి. వర్డ్‌లో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్ కిందికి వస్తుంది, కాబట్టి ఫాంట్ డైలాగ్ తెరిచి కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ గడిలో కూడా మీ పేరే ఉందా చూడండి. పై గడిలో మీ పేరుండి, తెరమీద నిర్మలానో గౌతమో కనిపిస్తున్న సందర్భాలు తక్కువేం కాదు. తేడా రాలేదేమని ఫాంటును తిట్టుకుంటాం, అసలు ఆ ఫాంటే రాలేదు. పీడీఎఫ్ చేసి రీడర్‌లో ప్రాపర్టీస్, ఫాంట్స్ ట్యాబ్ చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది.

వెబ్‌సైట్‌లో మీరే ఫాంటు పంపిస్తుంటే లోపలి పేరు అంతగా అవసరం లేదు, పేజీ స్టైల్‌షీట్‌లో మీరు పెట్టుకున్న పేరే చెల్లుతుంది. అయితే స్టైల్‌షీట్‌లో లోకల్ అని రాస్తే బ్రౌజర్ చదివేవారి మెషీన్‌లోని ఫాంట్లను పూర్తి పేరుతోనో పోస్ట్‌స్క్రిప్ట్ పేరుతోనో వెతుకుతుంది. లోపలి పేర్లు మార్చకుండా వదిలితే వాళ్ల దగ్గరున్న అసలు నోటో దొరికి, మీ మార్పులు వాళ్లకు కనిపించవు. మార్చిన ఫాంట్లకు లోకల్ అసలు రాయకపోవడమే మంచిది. ఇంకొకటి, "పొత్తం 130" లాంటి అంకెతో ముగిసే పేరును స్టైల్‌షీట్‌లో కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. విడి అంకెతో మొదలయ్యే మాటను పేరులో భాగంగా బ్రౌజర్ ఒప్పుకోదు, ఆ వరుస మొత్తాన్ని వదిలేస్తుంది.

మూడింటిలో ఒకటి ఖాయం చేసుకుని మిగతావి తీసేసేటప్పుడు, పాత డాక్యుమెంట్లు తీసేసిన పేర్లనే అడుగుతూ ఉంటాయని గుర్తుంచుకోండి. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలోని ఫైండ్ ఫాంట్‌తో ఒక్కసారే మార్చుకోవచ్చు (కొత్త వెర్షన్లలో దాని పేరు కాస్త మారింది). లిబ్రే ఆఫీసులో టూల్స్, ఆప్షన్స్‌లో ఫాంట్స్ పేజీలో ఏ పేరుకు బదులు ఏ పేరో పట్టిక రాసి పెట్టుకోవచ్చు. వర్డ్‌లో అయితే స్టైల్స్‌లో మార్చండి. స్టైల్స్ వాడకుండా ఎంచి ఎంచి ఫాంటు పెట్టిన ఫైలయితే రీప్లేస్ డైలాగ్‌లో ఫార్మాట్, ఫాంట్ ఎంచుకుని మార్చాలి, అక్కడా కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ గడి నింపడం మరవద్దు.